ఎం.ఎడ్. డిసర్టేషన్: డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ టాపిక్ కథల ద్వారా బోధిస్తే నాలుగో తరగతి పిల్లల తెలుగు పఠనం మెరుగవుతుందా అని. గైడ్ డిజైన్ రాసుకురమ్మన్నారు, 300 మంది శాంపిల్ సరిపోతుందా అని మీరు నన్ను అడిగారు. నేను ఎం.ఎడ్.లో దాదాపు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నా: 300 వద్దు. ఆ అంకె ప్రశ్నావళి పంచి సర్వే చేసిన సీనియర్ల థీసిస్‌లలోది. పఠనాన్ని మాత్రం పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించే పరీక్షించాలి. మనిషికి పది నిమిషాలనుకున్నా 300 మందికి 50 గంటలు, అదీ బోధనకు ముందు పెట్టే ప్రీటెస్టుకే. తర్వాత పెట్టే పోస్టుటెస్టుకు మళ్లీ అంతే. 60 మందైతే ఒక్కో టెస్టు పది గంటల్లో అయిపోతుంది.

అసలు డిజైన్ విషయానికొస్తే, కథలు చెప్పాక స్కోర్లు పెరిగాయని చూపిస్తే సరిపోదు. కథలు చెప్పే ఆరేడు వారాల్లో పిల్లలు ఎలాగూ ఎంతో కొంత నేర్చుకుంటారు. అందుకే పోల్చడానికి నియంత్రిత సమూహం, అంటే కథలు చెప్పని గుంపు, కావాలి. పిల్లల్ని లాటరీ తీసి రెండు గుంపులు చేస్తానంటే ఏ హెచ్‌ఎం గారూ ఒప్పుకోరు. తరగతిని ఉన్నదున్నట్టు తీసుకుని క్వాసీ ఎక్స్‌పెరిమెంటల్‌గా చేయడమే దారి. ఒకే బడిలో రెండు సెక్షన్లు తీసుకుంటే ఇక్కడ విన్న కథ ఇంటర్వెల్‌లో అక్కడికి చేరిపోతుంది. అదే మండలంలో ఇంచుమించు ఒకేలా ఉన్న రెండు బడులు చూసుకోండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. కథల బడిలో మీరు పాఠం చెప్పి, రెండో బడిలో అక్కడి టీచరు గారు ఎప్పటిలాగే చెబితే, వచ్చిన తేడా కథల వల్లో మీ వల్లో తేలదు. వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో) మొదటి దెబ్బ ఇక్కడే పడుతుంది. నేను రెండు చోట్లా నేనే చెప్పాను: ఒకచోట కథలతో, రెండోచోట పాఠ్యపుస్తకంతో, సమయం మాత్రం సమానం. తిరుగుడు ఎక్కువే, బస్సులతో ప్రాణం విసిగిపోయింది, కానీ ఆ ప్రశ్నకు జవాబు దొరికింది.

పఠనాన్ని కొలిచే పరికరానికి అందరూ అసర్ టూల్ (అసర్ విద్యా సర్వేలో వాడే పఠన పరీక్ష) తెస్తారు. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అని మెట్లుంటాయి, తెలుగులోనూ ఉంది. పిల్లలు ఏ మెట్టు మీద ఉన్నారో తెలుసుకోవడానికి బాగుంటుంది. ఆరేడు వారాల్లో వచ్చే చిన్న మార్పు మాత్రం అందులో కనబడకపోవచ్చు, ఎందుకంటే మెట్టుకీ మెట్టుకీ దూరం ఎక్కువ. నిమిషంలో తప్పు లేకుండా ఎన్ని పదాలు చదివారు అన్నదీ కొలవండి. చదివిన దాని మీద నాలుగైదు ప్రశ్నలు కూడా అడగండి. గడగడా చదివేసి ఏమర్థమైందంటే తెల్లమొహం వేసేవాళ్లు బోలెడంతమంది ఉంటారు. పరికరాన్ని ముందు వేరే బడిలో కొద్దిమంది మీద పరీక్షించి చూసుకోండి.

మా గైడ్ నాతో చేయించిన ఒక పని మీరూ చేయండి. డేటా తీయకముందే నాలుగో అధ్యాయంలో (ఫలితాల విశ్లేషణలో) వచ్చే పట్టికలు శీర్షికలతో సహా గీసి, గడులు ఖాళీగా వదిలేయండి. ఏ పట్టికలోకీ రాని సమాచారం సేకరించనక్కర్లేదు. బాలురు–బాలికలు, ప్రభుత్వ–ప్రైవేటు అంటూ లైబ్రరీలోని ప్రతి థీసిస్‌లోనూ కనిపించే పోలికలు మీ టాపిక్‌కు ఎందుకో చెప్పలేకపోతే తీసేయండి. గైడ్ అడిగితే అప్పుడు చూద్దాం.

ఇక క్యాలెండర్. జూన్‌లో బడి తెరిచాక తొలి నెల అడ్మిషన్లు, పుస్తకాలతోనే పోతుంది. తర్వాత దసరా సెలవులు, ఎస్‌ఏ–1 (మొదటి సమ్మేటివ్ పరీక్షలు). పత్తి పండే ఊళ్లలో ఏరే రోజులొస్తే హాజరు పడిపోతుంది. ప్రీటెస్టుకు వచ్చి పోస్టుటెస్టుకు రాని పిల్లలు లెక్కలోంచి పోతారు కాబట్టి, సమూహానికి నాలుగైదుగురిని ఎక్కువే పెట్టుకోండి. డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసు అనుమతికి ఇప్పుడే అర్జీ పెట్టండి, నాకది అనుకున్నదానికంటే చాలా ఆలస్యమైంది. తల్లిదండ్రుల సమ్మతి కూడా తీసుకోండి. పోస్టుటెస్టు అయ్యాక రెండో బడి పిల్లలకూ ఆ కథలు చెప్పి రండి, ఈ మాట డిజైన్‌లోనే రాసేయండి.