తమ్ముడికి, ఉద్యోగం మానేసే ముందు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. జూన్ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నావని మరదలు ఫోన్‌లో చెప్పింది. తెనాలి స్టేషన్‌లో రేకు పెట్టె మీద కూర్చుని, హాస్టల్‌కి వెళ్లనని ఏడ్చిన పిల్లాడు రిటైరవుతున్నాడు! ఇన్నేళ్లు ఒక్కడివే ఇంటి బరువంతా మోశావు. ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను.

తర్వాత ఆమె ఇంకో మాట అంది. "ఉద్యోగం మానేశాక కూడా సొంత డబ్బు కట్టి ఆఫీసు ఇన్సూరెన్సే కొనసాగించుకునే కోబ్రా ఏడాదిన్నర ఉంటుంది కదా వదినా, మందుల ఇన్సూరెన్సు సంగతి ఆనక చూసుకుంటాం. ఆయన వేసుకునేది రెండు మాత్రలేగా, అవీ ఇండియా నుంచే తెచ్చుకుంటున్నాం" అంది. ఇక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అచ్చం ఇదే మాట మీ బావ అన్నారు, పదేళ్ల క్రితం.

ఆయనకు 2016 మేలో 65 నిండాయి. 65 నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు మెడికేర్‌లో పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చులకు), పార్ట్ బీ (డాక్టర్ల ఖర్చులకు) తీసుకున్నాం. మందుల ఖర్చు చూసే పార్ట్ డీ దగ్గరికి వచ్చేసరికి, బీపీ మాత్ర ఒక్కదానికి నెలనెలా ప్రీమియం ఎందుకు దండగ అన్నారు. విజయవాడ వెళ్లినప్పుడల్లా ఆరు నెలలకు సరిపడా స్ట్రిప్పులు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకొచ్చేదాన్ని నేనే. కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. పుట్టినరోజు నెలకు ముందు మూడు, తర్వాత మూడు, ఆ నెలతో కలిపి మొత్తం ఏడు నెలలు, అందులో చేరే గడువు ఆ ఆగస్టుతో అయిపోయింది. మేం పట్టించుకోలేదు.

2019 మార్చిలో ఆయనకు గుండె లయ తప్పింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు పూటలా మాత్ర వేసుకోవాలన్నారు. నెలకు నాలుగొందల డాలర్ల పైనే. పరుగెత్తుకెళ్లి ప్లాన్ అడిగితే, అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకానే చేర్చుకుంటారని, కార్డు జనవరి 1 నుంచే పనిచేస్తుందని చెప్పారు. జబ్బు చేసినంత మాత్రాన మధ్యలో చేర్చుకోరు. పది నెలలు చేతి డబ్బు పెట్టాలి.

జూలైలో ఒకరోజు వంటగదిలో పసుపు డబ్బా పక్కన చిన్న ప్లాస్టిక్ కట్టర్ కనబడింది. బ్లేడు చుట్టూ గులాబీ రంగు పొడి. ఆయన బీపీ మాత్ర తెల్లగా ఉంటుంది. నాకు చేతులు చల్లబడ్డాయి. సీసా బోర్లించి లెక్కపెట్టాను. ఇరవై రెండు ఉండాల్సిన చోట నలభై ఒకటి ఉన్నాయి. అడిగితే, "సగం వేసుకున్నా పని చేస్తుందిలే" అన్నారు, నా మొహం చూడకుండా. ఏమన్నా అయ్యుంటే? దేవుడి దయ, ఏమీ కాలేదు. కానీ ఆ గులాబీ పొడి ఇప్పటికీ నా కలలోకి వస్తుంది.

అంతటితో అయిపోలేదు. ప్లాన్ లేకుండా గడిచిన 40 నెలలకు నెలకు ఒక శాతం చొప్పున 40 శాతం పెనాల్టీ పడింది. ప్రభుత్వం ఏటా ప్రకటించే బేస్ ప్రీమియం మీద లెక్క. ఈ 2026లో అది 38.99 డాలర్లు, కాబట్టి మా పెనాల్టీ నెలకు 15.60. ప్లాన్ ఉన్నంతకాలం ప్రీమియంతో పాటు కడుతూనే ఉండాలి.

కాబట్టి నాయనా, కోపం తెచ్చుకోకుండా విను. పార్ట్ ఏ గానీ పార్ట్ బీ గానీ ఉంటే చాలు, పార్ట్ డీకి అర్హత ఉన్నట్టే. పాత జబ్బుల గురించి ఎవరూ అడగరు. కానీ ఉద్యోగం ఇన్సూరెన్సు ఆగాక నీకుండే గడువు రెండు నెలలే. వరసగా 63 రోజులు సరైన కవరేజీ లేకపోతే పెనాల్టీ మొదలవుతుంది. పార్ట్ బీకి 8 నెలలు ఉంది కదా, దీనికీ అంతేలే అనుకోకు. కోబ్రాలో ఉన్నావు కదా అని ఆ 8 నెలలు పెరగవు కూడా. కోబ్రాలో మందుల కవరేజీ "క్రెడిటబుల్", అంటే పార్ట్ డీకి తీసిపోనిది, అని రాతపూర్వకంగా హెచ్‌ఆర్ దగ్గర తీసుకో, నోటిమాట నమ్మకు. ఆ కాగితం పాస్‌పోర్టుతో పాటు దాచు. అది క్రెడిటబుల్ కాదంటే జూన్‌లోనే అప్లై చెయ్, జూలై 1 నుంచి ప్లాన్ మొదలవుతుంది. ఫార్మసీ డిస్కౌంట్ కార్డు కవరేజీ కిందికి రాదు. సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్రలూ రావు.

మరదలికి నీ ప్లాన్ పనికిరాదు. ఇందులో ఫ్యామిలీ ప్లాన్ ఉండదు, ఎవరిది వాళ్లదే. తనకు ఫిబ్రవరిలో 65 కదా, ఈ నవంబరు నుంచి వచ్చే మే దాకా గడువు. తను ఉద్యోగం చేయకపోయినా నీ పదేళ్ల సర్వీసు మీద పార్ట్ ఏ ప్రీమియం లేకుండానే వస్తుంది.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు ప్రీమియం ఒక్కటే చూడకు. మెడికేర్ వెబ్‌సైట్‌లో నీ మందుల పేర్లు, డోసు, నువ్వెళ్లే ఫార్మసీ కొడితే ఏడాదికి మొత్తం ఎంతవుతుందో చూపిస్తుంది. మెడికేర్‌నే ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చే అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకుంటే మందులు అందులోనే ఉన్నాయేమో చూసుకో. ఉండగా మళ్లీ విడిగా పార్ట్ డీ తీసుకుంటే అడ్వాంటేజ్ పోతుంది. అర్థం కాకపోతే ప్రతి రాష్ట్రంలో షిప్ అని ఉచితంగా సలహా చెప్పే కౌన్సెలర్లు ఉంటారు. వాళ్లు ఏ ప్లానూ అమ్మరు. సిగ్గుపడకుండా అడుగు.

ఇప్పుడు రోజులు మా అప్పటికన్నా నయం. ఈ ఏడాది ప్లాన్ కవర్ చేసే మందులకు 2,100 డాలర్లు కట్టాక ఇంక మన చేతి డబ్బు పడదు. ఇన్సులిన్‌కు నెలకు 35 దాటదు. నాన్నకున్న షుగరు నీకూ వచ్చింది కాబట్టి ఇది గుర్తు పెట్టుకో. ఇప్పుడు రెండు మాత్రలే. నాన్నకు అరవై ఎనిమిదిలో ఎన్ని ఉండేవో నీకూ తెలుసు.

చిన్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన అలవాటు నాకు పోలేదు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. మందుల సీసాలన్నీ ముందు పెట్టుకుని, మరదలిని కూడా పక్కన కూర్చోబెట్టుకో. పేర్లు ఒక్కొక్కటే చదువు, నేను రాసుకుంటాను.

నీ అక్క