ఎర్రది వెలుగుతోంది, తెల్లవి వెలగవేం?

ప్రశ్న: టీచర్ గారూ, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ కోసం, చేతికి కట్టుకుంటే వెలిగే గుడ్డ బ్యాండు కుడుతున్నాం. కరెంటు పారే స్టీలు దారం తెప్పించి, బిళ్ల బ్యాటరీతో ఒక ఎర్ర ఎల్‌ఈడీ, రెండు తెల్లవి పెట్టాం. ఎర్రదొక్కటే వెలుగుతోంది. అది కూడా చెయ్యి మడిస్తే ఆరిపోతోంది. పాపకి ఒకటే టెన్షన్. దారం కూడా అయిపోవచ్చింది. బదులుగా ఇంట్లో ఉన్న జరీ దారం వాడొచ్చా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: తెల్ల లైట్లు పాడయ్యాయనుకుని పారేయకండమ్మా, అవి బాగానే ఉండి ఉంటాయి. ఎర్ర ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులకే వెలుగుతుంది. తెల్లదానికి 3 దాకా కావాలి. మీ బిళ్ల బ్యాటరీ ఇచ్చేదే 3. మూడింటినీ ఒకే జత దారాల మీద కుట్టారు కాబట్టి కరెంటంతా ఎర్రది లాగేసుకుంటోంది, వోల్టేజి 2 దగ్గరే ఆగిపోతోంది. కింది వాటాలో కుళాయి విప్పితే మేడ మీదికి నీళ్లు ఎక్కవు చూడండి, అలాగన్నమాట. మూడూ ఒకే రంగువి పెట్టండి. నన్నడిగితే ఎర్రవే మేలు, బ్యాటరీ కాస్త నీరసించినా వెలుగుతూనే ఉంటాయి.

చెయ్యి మడిస్తే ఆరిపోవడం మాత్రం కుట్టులో లోపం. స్టీలు దారం నూలు దారంలా ముడిలో ఒదగదు, స్ప్రింగులా విచ్చుకుంటుంది. ఎల్‌ఈడీ కాలికీ దారానికీ మధ్య వెంట్రుకవాసి సందు వచ్చినా లైటు పోతుంది. నోస్ ప్లయర్‌తో పొడుగు కాలును గుండ్రంగా, పొట్టి కాలును చతురస్రంగా చుట్టండి. పొడుగుది ప్లస్ కాబట్టి కుట్టేటప్పుడు తికమక ఉండదు. ఒక్కో చుట్టలోంచీ దారాన్ని నాలుగైదుసార్లు బిగించి లాగండి. వెనక ముడి వేశాక దాని మీద గోళ్లరంగు చుక్క పెట్టి ఆరనివ్వండి, ఇక విచ్చుకోదు. రంగు ముందే పెడితే మాత్రం కరెంటుకు అడ్డమవుతుంది.

దారం కొసలు పొట్టిగా కత్తిరించడం మరవకండి. నా మొదటి బ్యాండుకు అర అంగుళం కొసలు వదిలేశాను. బల్ల మీద చక్కగా వెలిగింది. చేతికి కట్టుకోగానే ఆరిపోయింది, కాసేపటికి బ్యాటరీ దగ్గర వెచ్చగా తగిలింది. తిప్పి చూస్తే ప్లస్ కొస వచ్చి మైనస్ కుట్టు మీద వాలి ఉంది. ఈ దారానికి వైరుకున్నట్టు తొడుగు ఉండదు, తగిలితే షార్టే. అందుకే ప్లస్ వరసకూ మైనస్ వరసకూ మధ్య కనీసం పెన్సిలంత ఎడం ఉంచండి, వెనకాల నూలు గుడ్డతో లైనింగ్ వేయండి. స్విచ్చుకి వేరే ఖర్చు అక్కర్లేదు. బ్యాండు రెండు కొసలకూ ఇనుప టిచ్ బటన్ కుట్టి, మైనస్ దారాన్ని దాని గుండా పోనివ్వండి. పెట్టుకుంటే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది.

జరీ గురించి అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే జరీ చాలావరకు మెరుపు పూసిన ప్లాస్టిక్ పొర, పనికిరాదు. అసలు జరీ వేరు. పట్టు పోగు మీద సన్నటి వెండి తీగ చుట్టి, బంగారు పూత వేస్తారు. అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీలో రేమీ పోస్ట్, మ్యాగీ ఆర్త్ అనే పరిశోధకులు 1990లలో గుడ్డ మీద సర్క్యూట్లు చేసినప్పుడు మన దేశంలో నేసిన, లోహపు రేకు చుట్టిన పట్టు ఆర్గంజాను వాడారు. ఆ సంగతి చదివిన రోజు మా అమ్మ పెళ్లిచీర బయటికి తీసి, అంచు మీద మల్టీమీటరు (కరెంటు పారితే బీప్ అనే మీటరు) ముళ్లు రెండూ ఆనించాను. బీప్ అంది! నాకు ఒళ్లు జలదరించింది. మీ జరీని కూడా పరీక్షించండి. మీటరు లేకపోతే బ్యాటరీకీ ఎర్ర ఎల్‌ఈడీకీ మధ్య బెత్తెడు జరీ పెట్టి చూడండి. వెలిగితే అదే దారంతో కుట్టేయొచ్చు. దానికోసం చీర మాత్రం కత్తిరించకండి.

ఇంకొక్క మాట. ఇంట్లో చిన్నపిల్లలుంటే బ్యాటరీ సంచిని టిచ్ బటన్‌తో కాక కుట్టేసి మూయండి, ఉతికేటప్పుడు విప్పి తీయండి. బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. మింగారని అనుమానం వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.