బరువులు ఎత్తితే లాలాజలంలో ప్రోటీన్లు పెరుగుతాయా?

పెరుగుతాయి, కానీ కాసేపే. అందులోనూ ముఖ్యంగా అమైలేజ్ అనే ఎంజైమ్. ఉత్త అన్నం మెతుకుల్ని ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించేది దీనివల్లే.

బరువు ఎత్తేటప్పుడు గుండె వేగాన్ని పెంచే సింపథెటిక్ నాడులే లాలాజల గ్రంథులకూ సంకేతం పంపుతాయి. గ్రంథి కణాల్లో చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉన్న ప్రోటీన్లు అప్పుడు నోట్లోకి వచ్చేస్తాయి. పల్చటి లాలాజలాన్ని ఎక్కువగా ఊరించేవి వేరే నాడులు, పారాసింపథెటిక్‌వి. శ్రమలో వాటి జోరు తగ్గుతుంది. అందుకే బరువైన స్క్వాట్లు నాలుగైదు సెట్లు చేశాక ఉమ్మి జిగటగా, తీగలా సాగుతుంది. చెమట పట్టడం, నోటితో ఊపిరి పీల్చడం కూడా దానికి తోడవుతాయి. రోగనిరోధక ప్రోటీన్ ఐజీఏ మాత్రం అమైలేజ్‌లా ప్రతిసారీ పెరగదు.

తాగిన ప్రోటీన్ పౌడరే ఉమ్మిలోకి వస్తుందని అనిపించవచ్చు. అది కాదు. పౌడర్ పొట్టలో, పేగుల్లో అరిగి అమైనో ఆమ్లాలవుతుంది. లాలాజల ప్రోటీన్లను గ్రంథులే తయారుచేసుకుంటాయి. అమైలేజ్ పెరిగితే కండ పెరిగినట్టూ కాదు. పరీక్ష హాల్లో టెన్షన్‌కి కూడా అది పెరుగుతుంది!