మపూచేల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

చిలీ దేశపు ఆదివాసులైన మపూచేల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ కోపం నచ్చింది. రెండోసారి చదివితే ఆ కోపం చాటున మనుషులు కనిపించలేదు. 'అమాయక గిరిజనులు' అన్న మాట నాలుగు చోట్ల వాడావు. ముందు దాన్ని కొట్టేయి.

మపూచేలది రాజకీయం బాగా తెలిసిన జాతి. స్పెయిన్ సైన్యాన్ని బియోబియో నది దగ్గర ఆపేశారు. 1641లో కిలిన్ దగ్గర స్పెయిన్ వాళ్లే వచ్చి ఎదురుగా కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. నదికి దక్షిణాన ఉన్న నేల ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా వాళ్ల చేతుల్లోనే ఉంది. దాన్ని లాక్కున్నది స్వతంత్ర చిలీ. 1861 నుంచి 1883 దాకా సాగిన ఆ దండయాత్రకు ప్రభుత్వం 'శాంతి స్థాపన' అని పేరు పెట్టుకుంది. ఆండీస్‌కు అవతల అర్జెంటీనా కూడా అదే పని చేసింది. అంతా అయ్యాక చిలీలో మపూచేలకు పట్టాలిచ్చి వదిలింది సుమారు 5 లక్షల హెక్టార్లు. అంతకుముందు వాళ్ల కింద ఉన్న నేలలో అది ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది.

ఇదంతా నీ వ్యాసంలో లేదు. ఇది లేకుండా 'వాళ్లు భూమి అడుగుతున్నారు' అని రాస్తే, ఇల్లు లేనివాళ్లు స్థలం కోసం పెట్టుకున్న అర్జీలా ఉంటుంది. వాళ్లు ఎస్టేట్లలోకి వెళ్లి కూర్చోవడాన్ని పేపర్లు 'ఆక్రమణ' అంటాయి. వాళ్లు మాత్రం 'తిరిగి తీసుకోవడం' అంటారు. ఏ మాట వాడాలో ఆలోచించుకునే రాయి, అలవాటు కొద్దీ వాడెయ్యకు.

కొమురం భీమ్‌తో పోల్చావు. ఆ పేరు వింటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ పోలికను నమ్ముకుని చిలీలో ఏం జరిగిందో చెప్పడం మానేశావు. సైనిక నియంత పినోచెట్ ప్రభుత్వం 1974లో చెట్లు నాటేవాళ్లకు సబ్సిడీ ఇస్తూ చట్టం తెచ్చింది. 1979లో ఇంకో చట్టంతో ఉమ్మడి భూముల్ని ముక్కలు చేసి విడివిడి పట్టాలు ఇచ్చింది. పైన్, జామాయిల్ తోటలు ఊళ్లను చుట్టుముట్టాయి. ఎండాకాలం వస్తే తాగే నీటికి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లు అక్కడ ఉన్నాయి. మన ఖమ్మం వైపు జామాయిల్ తోట పక్కన బావి ఉన్న రైతుతో ఓసారి మాట్లాడి చూడు. భీమ్ పోలిక కంటే ఆ రైతు మాట నీ పాఠకుడికి దగ్గరగా తగులుతుంది. 1997 డిసెంబర్‌లో లుమాకో దగ్గర మూడు కలప లారీలు ఎందుకు తగలబడ్డాయో కూడా అప్పుడు అర్థమవుతుంది.

'మపూచే నాయకత్వం నిర్ణయించింది' అని రాశావు. అలాంటి నాయకత్వం ఒకటి లేదు. లోఫ్ అనే సముదాయానికి లోంకో పెద్ద, మాచి వైద్యం, పూజ చూస్తుంది, వెర్కెన్ కబురు మోస్తాడు, బయటివాళ్లతో మాట్లాడతాడు. ఒక లోఫ్ పెద్ద మాట ఇంకో లోఫ్‌లో చెల్లదు. ఎన్నికల్లో నిలబడి మేయర్లయిన మపూచేలున్నారు. ప్రభుత్వంతో ఏ సంబంధమూ వద్దనే సంస్థలూ ఉన్నాయి. మపూచేల్లో దాదాపు మూడో వంతు మంది శాంటియాగోలోనే ఉంటారు. బేకరీల్లో, ఇళ్లలో పని చేసిన తరం వాళ్ల మనవలు ఇప్పుడు క్లాసుల్లో కూర్చుని తమ భాష మపుదుంగున్ నేర్చుకుంటున్నారు. నాకైతే అడవిలో నినాదాల కన్నా ఆ క్లాసురూమే ఎక్కువ కళ్ల ముందు ఆడుతుంది.

చావుల విషయంలో తక్కెడ పట్టుకోకు. 2018 నవంబర్‌లో తెముకుయికుయి దగ్గర ట్రాక్టర్ మీద వెళ్తున్న మపూచే యువకుడు కమీలో కత్రియాంకాను పోలీసులు తల వెనక కాల్చి చంపారు. తర్వాత ఆ సంఘటన గురించి అబద్ధాలు చెప్పారు. 2013 జనవరిలో విల్కున్ దగ్గర ఇంటికి నిప్పు పెడితే ఎస్టేట్ యజమానులైన వృద్ధ దంపతులు కాలిపోయారు. నీ వ్యాసంలో మొదటిది ఉంది, రెండోది లేదు. రెండూ రాయి. ఉగ్రవాద నిరోధక చట్టాన్ని చిలీ మపూచేల మీద వాడిన తీరు తప్పని 2014లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది. దంపతుల చావును దాచిపెడితే ఆ తీర్పు గురించి నువ్వు చెప్పేది కూడా ఎవరూ నమ్మరు.

నేను కుర్రతనంలో ఒక ఏజెన్సీ ఊరి గురించి రాశాను. అచ్చయ్యాక తీసుకెళ్లి చదివి వినిపిస్తే ఒక పెద్దాయన అన్నాడు, 'మా గొడవ పట్టా గురించి బాబూ, నువ్వు ఏడుపు గురించి రాశావు.' అప్పటి నుంచి ఏది రాసినా ముందు వీళ్లు అడుగుతున్నదేమిటి అని చూసుకుంటాను. మపూచేలు అడుగుతున్నది భూమి, స్వపరిపాలన, తాము వేరే జాతి అన్న గుర్తింపు. 'ఆదుకోండి' అని వాళ్లు అనడం లేదు.

2022 ఓటు గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు నువ్వు. 2021 జూలైలో కొత్త రాజ్యాంగం రాసే సభకు మపూచే భాషావేత్త ఎలిసా లోంకోన్ అధ్యక్షురాలైంది. చిలీని బహుళ జాతుల దేశంగా ఒప్పుకునే ముసాయిదా తయారైంది. 2022 సెప్టెంబర్ 4న నూటికి 62 మంది దాన్ని వద్దన్నారు. మపూచేలు ఎక్కువగా ఉన్న చోట్ల కూడా వద్దన్నదే గెలిచింది. ఇది నీకు ఇబ్బందిగా ఉంటుందని తెలుసు, నాకూ ఉంది. అందుకే వ్యాసం అక్కడ మొదలుపెట్టి చూడు. వాళ్లు ఎందుకు వద్దన్నారో వెతుకుతూ వెనక్కి వెళ్తే 1883 దాకా దారి దొరుకుతుంది.

సంక్రాంతి లోపు పంపు. ఈసారి పెన్సిల్ పట్టుకుని చదువుతాను.

నీ అన్నయ్య