సర్కారు ఆర్డర్లతో నడిచే రాకెట్ కంపెనీలో చేరొచ్చా?

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రైవేటు రాకెట్ కంపెనీలో చేరాలని ఉంది. అవి ప్రభుత్వ సొమ్ముతో బతుకుతాయి, అది ఆగితే మూతపడతాయి, వద్దంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: మీ నాన్నగారి భయం ఉత్తది కాదు. కాకపోతే ప్రభుత్వ సొమ్మంతా ఒకటే రకం కాదు. ఖర్చెంతైతే అంతా ఇచ్చి, పైన లాభం కలపడం పాత పద్ధతి. ఆలస్యమైనా కంపెనీకి పెద్దగా నొప్పి ఉండదు. అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే ప్రైవేటు రాకెట్ల కోసం 2006లో నాసా తెచ్చిన కాట్స్ పథకం దీన్ని తిరగేసింది. ఒప్పుకున్న దశ ఒక్కోటీ దాటితేనే డబ్బు, మిగతా పెట్టుబడి కంపెనీ తెచ్చుకోవాలి. మొదట ఎంపికైనవి స్పేస్‌ఎక్స్, రాకెట్‌ప్లేన్ కిస్లర్. రెండోది పెట్టుబడి తేలేకపోవడంతో 2007లో ఒప్పందం రద్దయింది. స్పేస్‌ఎక్స్ కూడా తేలిగ్గా గట్టెక్కలేదు. మూడుసార్లు విఫలమైన దాని తొలి రాకెట్ ఫాల్కన్ 1 నాలుగోసారి, 2008 సెప్టెంబరులో కక్ష్య చేరింది. ఆ డిసెంబరులోనే అంతరిక్ష కేంద్రానికి 12 ట్రిప్పుల సరుకు రవాణాకు నాసా నుంచి 160 కోట్ల డాలర్ల ఆర్డరు వచ్చింది.

పెద్ద పేరు చూసి మురిసిపోవద్దు కూడా. 2014లో వ్యోమగాముల రవాణాకు నాసా నుంచి బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్లు దక్కాయి. తక్కువ తీసుకున్నదే 2020లో మనుషుల్ని చేరవేసింది. బోయింగ్‌కు 2024 దాకా పట్టింది, అదనపు ఖర్చూ తానే మోసింది. చిన్న ఉపగ్రహాలను ప్రయోగించే వర్జిన్ ఆర్బిట్ అయితే 2023లో దివాలానే తీసింది.

అందుకే ఇంటర్వ్యూలో మీరూ అడగండి: ఆర్డర్లు ఎవరివి, ఒక్క కస్టమరేనా? ప్రయోగం పేలిపోతే రెండోదానికి డబ్బుందా? మొహమాటం వద్దు. జవాబు దాటవేస్తే అదే మీకు జవాబు.

అమెరికా కంపెనీలే గురి అయితే ఒక మాట, దీన్ని చాలామంది చివర్లో తెలుసుకుని నిట్టూరుస్తారు. అక్కడి ఎగుమతి నియంత్రణ నిబంధనల వల్ల పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివారికి రాకెట్ సాంకేతిక వివరాలు చూపాలంటే సాధారణంగా ప్రత్యేక అనుమతి కావాలి. చాలా సంస్థలు ఆ తలనొప్పి పెట్టుకోవు.

ఇక చదువు. రాకెట్ డిజైన్ కోర్సుల కోసం ఎగబడేకంటే వాల్వ్ లీకేజీ పరీక్ష, వైబ్రేషన్ టేబుల్ (భాగాలను కుదిపి పరీక్షించే బల్ల), అతిశీతల ద్రవాల పైపింగ్ లాంటి పనుల్లో చెయ్యి తిప్పుకోండి. కంపెనీ మూతపడినా గ్యాస్ ప్లాంట్లు, విమాన విడిభాగాల తయారీదారులు అదే పనికి పిలుస్తారు. ఫైనలియర్ ప్రాజెక్టుకు సిమ్యులేషన్ ఒక్కటే కాకుండా, విప్పి బిగించే పంపో వాల్వో తీసుకుని, ఎక్కడ కారుతోందో రోజువారీగా రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూకి ఆ నోటుపుస్తకం తీసుకెళ్లండి.