శిరీషకు, కేకాన్ఫిగ్ ముట్టుకునే ముందు

అమ్మా శిరీషా,

నువ్వు లైనక్స్ కెర్నెల్‌కి ప్యాచ్ పంపుతున్నావట, అదీ గ్రాఫిక్స్ డ్రైవర్ల కేకాన్ఫిగ్‌లోనట (కెర్నెల్లోకి ఏ ఆప్షన్లు చేరాలో, ఏది దేనిమీద ఆధారపడుతుందో రాసే ఫైళ్లు), మీ నాన్న ఫోన్లో చెప్పాడు. "ఏవో సెట్టింగులంట అన్నయ్యా" అన్నాడు వాడు. నాకు గర్వంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. సీ కోడ్‌లో తప్పు రాస్తే కంపైలర్ అరిచి చెబుతుంది. ఇక్కడ అలా కాదు, నీ దగ్గర అంతా చక్కగా బిల్డ్ అవుతుంది, ఎక్కడో ఎవరికో మాత్రం స్క్రీన్ నల్లగా వస్తుంది.

తెలిసిన సంగతులు మళ్లీ చెప్పను. ఆప్షన్లు ఎంచుకునే మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ కొట్టి వెతుకు, ఎవరికి పంపాలో గెట్-మెయింటెయినర్ స్క్రిప్టును అడుగు, ఏ పాత మార్పులోని తప్పుని సరిదిద్దుతున్నావో చెప్పే ఫిక్సెస్ లైన్లో ఆ కమిట్ హాష్ 12 అక్షరాలు పెట్టు.

నా భయమంతా కేకాన్ఫిగ్‌లో రాసే 'సెలెక్ట్' అనే మాట గురించే. పాత ఆఫీసులో మా పక్క సీటాయన, మంచి తెలివైనవాడే, ఒక డిస్‌ప్లే డ్రైవర్‌కి లింక్ ఎర్రర్ (పిలిచిన ఫంక్షన్ దొరకలేదని బిల్డ్ ఆగిపోవడం) వస్తోందని 'సెలెక్ట్ ఏసీపీఐ వీడియో' అని ఒక్క లైను రాసేశాడు. ఎర్రర్ పోయింది, టీ తాగడానికి వెళ్లిపోయాడు. సెలెక్ట్ అవతలి ఆప్షన్‌ని బలవంతంగా ఆన్ చేస్తుందే గానీ, దానికి కావలసినవి ఉన్నాయో లేవో చూడదు. ఏసీపీఐ వీడియో (ఫర్మ్‌వేర్ ద్వారా డిస్‌ప్లేని నడిపే డ్రైవర్)కి బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెలుతురు చూసే కోడ్) కావాలి. ఈయన మెషీన్లో బ్యాక్‌లైట్ 'వై'లో, అంటే కెర్నెల్ లోపలే ఉంది కాబట్టి గొడవ లేదు. 'ఎం'లో, అంటే తర్వాత లోడయ్యే విడి మాడ్యూల్‌గా ఉన్నవాళ్లకి 'అన్‌మెట్ డైరెక్ట్ డిపెండెన్సీస్' అని వార్నింగ్, దాని వెనకే లింక్ ఎర్రర్, అది కూడా డ్రైవర్లో కాదు, ఏసీపీఐ వీడియోలో. సరే అని బ్యాక్‌లైట్‌నీ సెలెక్ట్ చేశాడు, తర్వాత ఇన్‌పుట్‌నీ. ఈలోపు ఇంకో డ్రైవర్ అదే బ్యాక్‌లైట్ మీద డిపెండ్స్ ఆన్ (అది ఉంటేనే నేను అనే షరతు) పెట్టుకుని కూర్చుంది, రెండూ కలిసి చుట్టు తిరిగి 'రికర్సివ్ డిపెండెన్సీ డిటెక్టెడ్' అని వచ్చింది. చెప్పులో రాయి తియ్యకుండా చెప్పు మార్చుకున్నట్టయింది. ఆ ముడులన్నీ విప్పడానికి మాకు వారాంతాలు పోయాయి, ఆయన మాత్రం అప్పటికే వేరే కంపెనీకి వెళ్లిపోయాడు!

ఆయనొక్కడే కాదులే. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915 కేకాన్ఫిగ్‌లోనూ ఇలాంటి సెలెక్ట్‌ల గుత్తి ఏళ్ల తరబడి ఉండేది. ఏసీపీఐ వీడియోని సెలెక్ట్ చెయ్యాలంటే దాని డిపెండెన్సీలనీ సెలెక్ట్ చెయ్యాలి అని పైన కామెంటు, చివర 'ఇక్' (ఛీ) అని రాసినవాడే ముక్కు చిట్లించుకున్నాడు.

మరేం చెయ్యాలంటావా? బయటికి కనిపించని, వేరే డిపెండెన్సీలు లేని హెల్పర్ ఆప్షన్లకే సెలెక్ట్ వాడు. బ్యాక్‌లైట్ ఉంటే వాడుకునే, లేకపోయినా నడిచే డ్రైవర్‌కి 'డిపెండ్స్ ఆన్ ఎక్స్ || !ఎక్స్' రాయి (ఎక్స్ అంటే ఇక్కడ ఆ బ్యాక్‌లైట్). చూడగానే అర్థం లేనిదానిలా ఉంటుంది, లెక్క కట్టి చూడు. వై అంటే 2, ఎం 1, ఎన్ (అసలు లేదు) 0. రెండు గీతలంటే పెద్దది తీసుకోవడం, ఆశ్చర్యార్థకం అంటే 2లోంచి తీసెయ్యడం. ఎక్స్ వై అయినా ఎన్ అయినా జవాబు 2, నీ డ్రైవర్ ఏదైనా కావచ్చు. ఎక్స్ ఎం అయితేనే 1, అప్పుడు నీ డ్రైవర్ కూడా మాడ్యూల్‌గానే ఉండాలి. లోపల కూర్చున్న కోడ్ ఇంకా లోడ్ కాని మాడ్యూల్ని పిలిచే ప్రమాదం అక్కడితో తప్పిపోతుంది.

ఆప్షన్ పేరు మార్చకు తల్లీ, ఎంత వికారంగా ఉన్నా సరే. పాత కాన్ఫిగ్‌తో ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ (కొత్త ఆప్షన్లకి డిఫాల్ట్ పెట్టే కమాండ్) కొట్టినవాడికి పాత పేరు మాటామంతీ లేకుండా ఎగిరిపోతుంది, కొత్త పేరుకి డిఫాల్ట్ ఎన్ అయితే డ్రైవరే ఉండదు.

ఆల్‌యెస్ (వీలైనవన్నీ వై), ఆల్‌మాడ్ (వీలైనవన్నీ ఎం) రెండూ బిల్డ్ చెయ్యి, తర్వాత డ్రైవర్ వై, బ్యాక్‌లైట్ ఎం పెట్టి నీ చేత్తో నువ్వే విరగ్గొట్టి చూడు. తోచినట్టు సెట్టింగులు మార్చే రాండ్‌కాన్ఫిగ్‌ని రాత్రంతా తిరగనివ్వు, నువ్వు మాత్రం పడుకో. ప్యాచ్‌లని తనే బిల్డ్ చేసి చూసే కెర్నెల్ టెస్ట్ రోబో నుంచి మెయిల్ వస్తే ఏడవకు, అది అందరికీ రాస్తుంది.

రీబూట్ కొట్టే ముందు బూట్ మెనూ గ్రబ్‌లో పాత కెర్నెల్ ఉందో లేదో, ఇంకో లాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ తగులుతోందో లేదో చూసుకో. ప్యాచ్ మెయిలింగ్ లిస్టుకి పంపేముందు నాకోసారి పంపు. పదిన్నర దాటాక ఫోన్ చెయ్యకు, మీ పెద్దమ్మ నన్ను తిడుతుంది.

మీ పెదనాన్న