స్నూపీని ఎందుకు వదిలేశావు?

చి. సౌజన్యకు ఆశీస్సులు.

అమెరికా యుద్ధవిమానాల కోసం హ్యూస్ కంపెనీ చేసిన ఏఎస్‌జీ-18 రాడార్ మీద నీ వ్యాసం రాత్రే చదివాను. రెండో పేజీలో ‘శత్రువు ఎక్కడ దాక్కున్నా పసిగట్టే డేగకన్ను’ అన్న చోట కోపమొచ్చి పక్కన పెట్టేశాను. పొద్దున్నే మళ్లీ తీశాను. విషయం అంత మంచిది మరి.

ఏఎస్‌జీ-18 డేగకన్ను కాదమ్మా. పైనుంచి కిందికి చూసే రాడార్‌కి నేలే పెద్ద అడ్డు. కొండ, ఇల్లు, చెట్టు అన్నీ సిగ్నల్‌ని తిప్పికొడతాయి. ఆ హోరులో, నేలకి దగ్గరగా ఎగిరే బాంబర్ ప్రతిధ్వని మునిగిపోతుంది. హ్యూస్ ఇంజినీర్ల తలనొప్పి అదీ. దానికి దారి వేగంలో ఉంది. నేల ఒక వేగంతో ఎదురొస్తే విమానం ఇంకో వేగంతో వస్తుంది. ఆ తేడా తిరిగొచ్చే సిగ్నల్ ఫ్రీక్వెన్సీలో దొరుకుతుంది. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు. నువ్వేమో దీన్ని ‘అత్యాధునిక సాంకేతికత’ అని దాటేశావు.

నాకీ డాప్లర్ సంగతి అర్థమైంది సామర్లకోట రైల్వే గేటు దగ్గర. కూత వేస్తూ వచ్చిన మెయిలు నన్ను దాటిందో లేదో, ఆ కూత శ్రుతి దిగిపోయింది. సైకిల్ సీటు మీదే నోట్‌బుక్ పెట్టి రాసుకున్నాను. నా తొలి వ్యాసానికి ఆ పేరానే ప్రాణం. ఒక వారపత్రిక ఎడిటర్ ‘జనానికి బుర్రకెక్కదు’ అని సరిగ్గా దాన్నే కొట్టేసి, ‘మానవ మేధస్సు అద్భుతం’ అని కలిపాడు. ముప్పై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. పాఠకుడికి అర్థం కాదని ముందే తీర్మానించేవాళ్లని నేను క్షమించలేను. నీ వ్యాసానికి ఆ పని నువ్వే చేసుకుంటే ఎలా?

పైగా స్నూపీ ఊసే లేదు! ఈ రాడార్ పెట్టాలనుకున్న ఎక్స్‌ఎఫ్-108 యుద్ధవిమానం 1959 సెప్టెంబరులో రద్దయింది. రాడార్ పని మాత్రం ఆగలేదు. ఒక బీ-58 బాంబర్‌కి పొడుగాటి ముక్కు తగిలించి, అందులో దీన్ని పెట్టి ఎగరేశారు. దాని ముద్దుపేరే స్నూపీ. తర్వాత ఇదే రాడార్ పెట్టిన వైఎఫ్-12ఏ అనే యుద్ధవిమానానికీ ముక్కు మార్చాల్సి వచ్చింది. దాంతో నిలకడ తగ్గి, పొట్ట కింద అదనపు ఫిన్లు, అంటే నిలువు రెక్కలు, పెట్టారు. ఒక రాడార్ కోసం విమానాల ఆకారాలే మారిపోయాయి, తల్లీ!

74,000 అడుగుల ఎత్తు నుంచి, ధ్వనికి మూడు రెట్లు మించిన వేగంలో పోతూ వైఎఫ్-12ఏ మిస్సైల్ వదిలితే, నేలకి 500 అడుగుల ఎత్తులో పోతున్న, గురి కోసం పైలట్ లేకుండా ఎగరేసిన బీ-47 బాంబర్ డ్రోన్‌కి తగిలింది. దీన్ని చివర్లో ఒంటరిగా పడేశావు. నేల హోరు ఏమిటో ముందే తెలిసినవాడికి ఆ 500 దగ్గర ఒళ్లు జలదరిస్తుంది.

మూడే మూడు వైఎఫ్-12ఏలు తయారయ్యాయని చెప్పి ఆగిన చోటు బాగుంది.

డేగకన్ను కొట్టేయ్. స్నూపీ ముక్కుతో మొదలుపెట్టి మళ్లీ రాయి. దసరా లోపు పంపు. నీ మిగతా ప్రశ్నల సంగతి అప్పుడు చూద్దాం.